గోడ మూల మట్టి

మా మేడ మీది గదిలో తేజస్విని కిరాయికి దిగిన రోజు ఆటోలోంచి బట్టల పెట్టె ఒక్కటే దిగింది. మిగిలిందంతా ఇనుప సామానే. పొడుగాటి గొట్టాలు, తాపీలు, స్టీలు బేసిన్లు, తాళం బిగించిన పసుపుపచ్చ ప్లాస్టిక్ పెట్టె. శ్రావణమాసం, సన్నగా వాన. నేను గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి, బోర్లు వేసేవాళ్ళకు గది ఇచ్చామా ఏంది అని మా ఆయన్ని మనసులోనే నాలుగు తిట్టాను. గది చూపించింది ఆయనే. పేరు బ్రహ్మం. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది. ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే చాలు, ఆయన చీరైనా ఇల్లైనా సగం ధరకు ఇచ్చేస్తాడు.

“ఏం నౌకరి బిడ్డా నీది?” అని అడిగాను.

“మట్టి పరీక్ష చేస్తానండి. ఈ సామాను మెట్ల కింద పెట్టుకోవచ్చా ఆంటీ?”

“మట్టిల ఏం పరీక్ష చేస్తరు?”

“విషం ఉందో లేదో చూస్తాం. మీ ఇంటి వెనక రేకులు కట్టారు కదా, ఆ స్థలమే. దగ్గరుంటే తేలికని ఇక్కడ గది తీసుకున్నా.”

భీమవరం పిల్ల. మాట మెత్తగా ఉంది. వరండాలో మంచం మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు గిల్లుతున్న మా అత్తమ్మ చేతులు మాత్రం ఆగిపోయాయి. తల ఎత్తలేదు. చేటను పక్కకు జరిపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట కాయలన్నీ నేనే గిల్లుకున్నాను.

రేకుల వెనక జాగా ఒకప్పుడు మాదే. మా మామయ్య పోచంపల్లి నుంచి ఎల్బీనగర్ వచ్చి, ఈ గల్లీలో ఇంకా ఇళ్ళు లేనప్పుడే అక్కడ నూలు అద్దకం షెడ్డు వేశాడు. రంగుల తొట్టి మా పెరటి గోడకు ఆనుకుని ఉండేది. ఏడాది పొడుగునా దండేల మీద ఎరుపు, నీలం నూలు చిలపలు ఆరేవి. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం మామయ్య దండేలు విప్పి, జాగా ఊడిపించి, నీళ్ళు చల్లించేవాడు. గల్లీ ఆడవాళ్ళంతా అక్కడికే వచ్చి ఆడేవాళ్ళు. అందరికంటే ముందు దించే బతుకమ్మ మా అత్తమ్మ యాదలక్ష్మిది. ఆమె దించే చోటు ఆ తొట్టి పక్కన, గోడ మూల.

మామయ్య పోయాక షెడ్డు మూతపడింది. రోడ్డు వైపు సగం మా ఆయన పాత బ్యాటరీలు పగలగొట్టే ఒకతనికి కిరాయికి ఇచ్చాడు. కొన్నేళ్ళకు గల్లీ బోరు నీళ్ళలో సీసం ఉందని తేలింది. బ్యాటరీలతను చెప్పకుండా దుకాణం ఎత్తేశాడు. జాగా చుట్టూ రేకులు వచ్చాయి. మేము ఆ జాగాను కాలనీ పార్కుకు రాసిచ్చేశాం. శుభ్రం చేసే పని తేజస్విని వాళ్ళ కంపెనీకి వచ్చింది.

రేకులు కట్టిన ఏడాదే కాలనీ మీటింగు జరిగింది. మా అధ్యక్షుడు నరేష్‌కుమార్ చెడ్డవాడేం కాదు, మైకు చేతికొస్తే నోరు ఆగదు, అంతే. “బ్యాటరీలోడు నిన్న మొన్న వచ్చినోడు. ముప్పై ఏండ్ల సంది రంగుల నీళ్ళు పారబోసింది ఎవ్వరు?” అన్నాడు. అత్తమ్మ ముందు వరుస కుర్చీలోనే కూర్చుని ఉంది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ నాతో అంది.

“భూలచ్మీ, గా మట్టి మంచిదని తేలేదాక నేను బతుకమ్మ పేర్వ.”

అన్నట్టే చేసింది. పండుగలో ఆరో రోజు అమ్మవారు అలుగుతుంది, ఆ రోజు ఎవరూ పూలు పేర్చరు. మా ఇంట్లో మూడేళ్ళుగా తొమ్మిది రోజులూ అలిగిన బతుకమ్మే. నన్ను పేర్చుకోవద్దని ఆమె అనలేదు. కానీ ఆమె గదిలోంచి బయటికి రాకుండా కూర్చుంటే తంగేడు పూలు ముందర పెట్టుకుని నాకు చేతులు ఆడలేదు. పండుగ ఒక్కటే పోతే పోయిందనుకుందును. మనిషే తగ్గిపోయింది. కూరలో ఉప్పెక్కువైనా ఊరుకునేది. నాతో పోట్లాడటం మానేసింది. నన్ను తిట్టని అత్తమ్మతో ఎట్లా కాపురం చేయాలో నాకు తెలియలేదు.

ఆమెకు మిగిలిన పట్టుదల ఒక్కటే. తెల్లవారగానే తలస్నానం చేసి, పెరట్లో బట్టలుతికే బండ ఎక్కి, గోడ మీదుగా తూర్పుకు దండం పెట్టేది. పడతావు దిగు అని నేను రోజూ అరిచేదాన్ని. “నీ పని నువ్ జూస్కో,” అనేది. రోజు మొత్తానికి ఆమె నన్ను అదిలించే మాట అదొక్కటే కాబట్టి, నేను రోజూ తప్పకుండా అరిచేదాన్ని.

కాబట్టి ఈ పిల్ల మా మెట్ల కింద గొట్టాలు సర్దుకుంటుంటే నాకు ఒక్కటే అర్థమైంది. మా అత్తమ్మ బతుకమ్మ ఈమె చేతిలో ఉంది.

ఇంకేముంది, మేపడం మొదలుపెట్టాను. మరుసటి ఆదివారం నువ్వులు, పల్లీలు దండిగా వేసి సర్వపిండి కాల్చి పైకి పట్టుకెళ్ళాను.

“ఏంటండీ ఇది? అట్టా?” అంది.

“అట్టు గాదు. సర్వపిండి. తిని చూడు.”

తింది. కళ్ళు మూసుకుని తింది. రెండోది తుంచుతుండగా నేను మెల్లగా అడిగాను. “ఎట్లుంది బిడ్డా మట్టి?”

“బాగా కరకరలాడుతోంది ఆంటీ.”

“సర్వపిండి గాదు. మట్టి.”

ఆ పిల్ల నవ్వి నీళ్ళు తాగింది. “ల్యాబు నుంచి కాగితం రాకుండా చెప్పకూడదండి. మా సాంబమూర్తి సార్ చాలా స్ట్రిక్టు.”

“చెప్పకు మరి. నేనేమన్న అడిగిన్నా?” అని ఖాళీ ప్లేటు తీసుకుని కిందికి వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. అయినా మర్నాడు పచ్చిపులుసు పంపించాను. ఒక్కతే ఉంటోంది, వండుకునే ఓపిక ఎక్కడుంటుంది.

మొదటి పరీక్ష రోజు గల్లీ అంతా రేకుల దగ్గరే ఉంది. ఎండాకాలంలోనే పాత మట్టి లోతుగా తవ్వి లారీల్లో తీసుకెళ్ళారు. ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఎర్రమట్టి తెచ్చి పోశారు. ఇప్పుడు జెండాలు పాతిన ప్రతి చోటా మట్టి తీసి చూడాలి. అన్ని చోట్లా నెగ్గితేనే రేకులు తీస్తారు. తేజస్విని టోపీ, బూట్లు, చేతులకు గ్లౌజులు వేసుకుని వచ్చింది. పసుపుపచ్చ పెట్టెలోంచి ఒక యంత్రం తీసింది. పిడి, గొట్టం, మీట, అచ్చం తుపాకీ. దాని మూతి మట్టికి ఆనించి మీట నొక్కితే, వెనక చిన్న తెర మీద మట్టిలో ఏమేం ఉన్నాయో అంకెలు వస్తాయి. తర్వాత అదే మట్టిని సీసాల్లో ల్యాబుకు పంపుతారు.

పక్కింటి లచ్చమ్మ రేకు సందులోంచి తల పెట్టింది. నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చినవాళ్ళు. భర్త బక్కయ్య ఆర్టీసీలో డ్రైవరు.

“బిడ్డా, గిది బంగారం దుకాణంల ఉన్న మిషనే గదా? గిసొంటిది పెట్టే సరుకు మంచిదా కాదా చెప్తరంట.”

“అలాంటిదేనండి.”

“అయితే జర నా గొలుసు మీద పెట్టు. పెండ్లప్పటి సంది నాకు అనుమానమే.” మెడ ముందుకు చాచింది.

“అమ్మో, మనుషుల మీద పెట్టకూడదండి. ఎక్స్‌రే వస్తుంది ఇందులోంచి.”

“తీసిస్తే?”

“డ్యూటీలో వద్దండి,” అంది తేజస్విని. లచ్చమ్మ మొహం చిన్నబుచ్చుకుని గొలుసు జాకెట్లో దాచుకుంది.

బ్యాటరీల వైపు జెండాలన్నీ నెగ్గాయి. ఒక్కో జెండా దగ్గర తేజస్విని ఆకుపచ్చ రిబ్బను కట్టింది. మా ఆయన నాకేసి చూసి కళ్ళెగరేశాడు. చివరిది గోడ మూల. మా పెరట్లో బండ మీద నిలబడి అత్తమ్మ గోడ మీదుగా చూస్తోంది. తేజస్విని మీట నొక్కింది. తెర చూసి, యంత్రం తుడిచి, ఇంకోసారి నొక్కింది. ఇంకాస్త జరిగి మళ్ళీ నొక్కింది. రిబ్బను కట్టలేదు.

యంత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. చెప్పనక్కర లేకపోయింది.

“సూసిండ్రా,” అన్నాడు నరేష్‌కుమార్, ఈసారి మైకు లేకుండానే. “బ్యాటరీల జాగా సాఫ్ అయింది. రంగుల తొట్టి జాగా కాలే.”

గోడవతల అత్తమ్మ తల కనబడకుండా పోయింది. నేను నరేష్‌కుమార్‌ను కడిగి ఆరేద్దును గానీ, మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది.

“నీ మామ రంగులే ముంచినయే,” అంది. “చచ్చినంక గూడ ఆయనను గల్లీల నిలబెట్టి తిట్టిపిస్తున్న.”

“కొత్తమట్టి పోస్తరట అత్తమ్మ. మల్ల చూస్తరట.”

“మొక్కుకుంట. ఇంకింత మొక్కుకుంట,” అంది. ఆ సాయంత్రం మా ఆయన దుకాణానికి బయలుదేరుతుంటే, వారం వారం తెప్పించే అగరుబత్తులు, కర్పూరం, కుంకుమ ఈసారి ఎక్కువ తెమ్మని చెప్పి పంపింది. ఆయన ఏది అడిగినా సరే అనే మనిషి. తెచ్చాడు.

వినాయక నిమజ్జనం అయిపోయింది. మా గల్లీ లడ్డూ వేలంలో నరేష్‌కుమారే గెలిచి, లక్షలు పలికే బాలాపూర్ లడ్డూ తనకే వచ్చినంత సంబరంగా ఊరేగాడు. గోడ మూల మట్టి మళ్ళీ తవ్వి తీశారు, మళ్ళీ కొత్తది పోశారు. ఈలోగా తేజస్విని మా ఇంట్లో మనిషైపోయింది. పొద్దున టిఫిను మా దగ్గరే. అత్తమ్మను అమ్మమ్మగారూ అని పిలిచేది. నన్ను సర్వపిండి ఎట్లా కాల్చాలో అడిగి, ఒకరోజు తనే కాల్చి గిన్నె మాడ్చింది. అత్తమ్మ ఆ మాడిన ముక్క నోట్లో వేసుకుని, “మా భూలచ్మి పెండ్లైన కొత్తల గిట్లనే చేసేది,” అంది. మూడేళ్ళలో నా మీద వేసిన మొదటి ఎకసెక్కం అది. నేను కోపం నటించాను గానీ లోపల ప్రాణం లేచొచ్చింది.

రెండో పరీక్ష రోజు సాయంత్రం నేను దుకాణం నుంచి మెట్రోలో వచ్చి గేటు తీసేసరికి తేజస్విని మెట్ల మీద బూట్లతోనే కూర్చుని ఉంది. మొహం వాడిపోయింది. పక్కన అత్తమ్మ పెట్టిన మురుకుల ప్లేటు అట్లాగే ఉంది.

“ఏమైందే?”

“చెప్పకూడదు ఆంటీ.”

“చెప్పకు. తిను.”

తినలేదు. తనే చెప్పింది. “పోయిన సారి కంటే ఎక్కువొచ్చింది. కొత్త మట్టి ఆంటీ అది. మొన్న పోసిన మట్టి. దాంట్లో సీసం ఎలా వస్తుంది? లారీలోదే నేను పరీక్ష చేశా, అప్పుడు శుభ్రంగా ఉంది.”

“మా మామయ్య రంగులు కింది నుంచి ఉబ్బి వస్తున్నయేమో,” అన్నాను. నోరు జారాక వెనక్కి చూశాను. అత్తమ్మ తలుపు దగ్గరే ఉంది.

“అదే నాకు అర్థం కావట్లేదు. అద్దకం రంగులైతే క్రోమియం రావాలి. అది అసలు లేదు. ఒక్క సీసమే వస్తోంది, అదీ పైపైన మట్టిలోనే. కిందంతా బాగుంది.” మోచేత్తో మొహం తుడుచుకుంది. “సార్ నన్నే అంటున్నారు. నువ్వు సామాను సరిగ్గా కడగట్లేదు, నీ చేతిలోనే తప్పుందని. దసరా అయ్యాక ఈ గోడ వైపు మొత్తం మళ్ళీ లోతుగా తవ్వమన్నారు.”

అంటే ఈ ఏడాది కూడా లేదన్నమాట. నరేష్‌కుమార్ అప్పుడే బతుకమ్మ ఆటకు ఫంక్షన్ హాలు మాట్లాడాడు, డీజే కూడా పెడుతున్నాడట. అత్తమ్మ వచ్చి, మురుకుల ప్లేటు తీసి తేజస్విని ఒళ్ళో పెట్టింది. “నీ తప్పు లేదు బిడ్డా. మా ఇంటి తప్పు. తిను,” అంది. ఆ మాటకు ఆ పిల్ల భోరుమని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన స్కూటరు దిగి, ఎవరు పోయారని కంగారుపడ్డాడు.

అది బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు ముందు శుక్రవారం. మర్నాడు కాదు, ఆ మర్నాడు ఆదివారం పొద్దున తేజస్విని పసుపుపచ్చ పెట్టె తీసుకుని మా వంటింట్లోకి వచ్చింది. తన చేతిలో తప్పులేదంటే యంత్రంలోనైనా ఉండాలి కదా, తెలిసిన వస్తువుల మీద పెట్టి చూస్తానంది. నాకు మంచి కాలక్షేపం దొరికింది. పప్పుల డబ్బా మీద పెట్టమన్నాను. స్టీలు. అత్తమ్మ చెంబు మీద పెట్టమన్నాను. ఇత్తడి, సరిగ్గానే చెప్పింది. మా ఆయన పేపరు చదువుతూ, “రాగి అని చెప్పి అమ్మిండ్రు గా బిందె, దాని సంగతి చూడు,” అన్నాడు. రాగే. యంత్రం తప్పు లేదు. తేజస్విని మొహం ఇంకా దిగులుగా మారింది.

“దేవుని గూట్ల గంట ఉంది,” అన్నాను, ఆమెను నవ్వించాలని.

గంట మీద పెట్టింది. అంకెలు చూసి, పక్కకు జరిగి, ఊరికే అన్నట్టుగా కుంకుమ భరిణె అంచుకు ఆనించి మీట నొక్కింది. తెర చూసి అట్లాగే నిలబడిపోయింది.

“ఆంటీ, ఈ కుంకుమ ఎక్కడిది?”

“మీ అంకులే తెచ్చిండు. ఏమైంది?”

“ఇది కుంకుమ కాదు. సీసం సింధూరం. మొత్తం సీసమే.”

మా ఆయన పేపరు దించాడు. “అంగట్ల పొట్లాలు గట్టి అమ్ముతుంటే తెచ్చిన. అమ్మే చెప్పింది, వానకు కారిపోని రంగు గావాలని. ఇది మస్తు గట్టి రంగు.”

“వానకా?” అన్నాను నేను. “దేవుని గూట్ల వాన ఏడ పడ్తదయ్యా?”

పొయ్యి మీద పాలు పొంగుతుంటే చెయ్యి చాచి మంట తగ్గించాను. అత్తమ్మ పీట మీద కూర్చుని ఉంది. మామయ్య పోయినప్పటి నుంచి ఆమె నుదుట కుంకుమ పెట్టుకోదు. మరి వారం వారం పొట్లాలు ఎక్కడికి పోతున్నట్టు?

“గోడవతల సల్లుతున్న,” అంది. “కొత్త మట్టి పోసినప్పటి సంది. పొద్దుగాల పిడికెడు పసుపు, పిడికెడు కుంకుమ. నీ మామ తొట్టి ఉన్న జాగకు. జాగ మంచిగ గావాలని మొక్కుకుంట సల్లుతున్న.”

“మొదటి పరీక్షలో తప్పినాక?” అని అడిగింది తేజస్విని, చాలా మెల్లగా.

“రెండు పిడికెళ్ళు జేసిన.”

తేజస్విని యంత్రం కింద పెట్టింది. మొదట దగ్గినట్టు వినిపించింది. తర్వాత గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, కిందికి జారి కూర్చుంది. నవ్వుతోంది. మా ఆయన నవ్వు మొదలుపెట్టాడు. నాకు నవ్వాలో, ఆ భరిణె తీసి విసిరికొట్టాలో తెలియలేదు. పొద్దునే దండం పెడుతోందని మేమనుకున్న మనిషి, సూర్యుడి వైపు ఏనాడూ చూడనే లేదన్నమాట.

అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు. మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“ఏయ్ పిల్లా. నవ్వుడు బంజేసి చెప్పు. అయితే మీ తాత రంగులు కాదా?”

తేజస్విని నవ్వు ఆపుకుని ఆమె పీట దగ్గరికి జరిగింది. “కాదు అమ్మమ్మగారూ. మొదట తవ్వి తీసిన పాత మట్టి లెక్క కూడా నా దగ్గరుంది. సీసం బ్యాటరీలదే. తాతగారి రంగుల జాడ కొద్దిగా ఉంది, అది హద్దు దాటలేదు.”

“మల్ల చెప్పు.”

“తాతగారి రంగులు కాదు.”

అత్తమ్మ కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని దగ్గరికి వెళ్ళాను. చూస్తే నవ్వుతోంది.

తరువాత జరిగిందంతా చాలా వేగంగా జరిగింది. ఆ సింధూరాన్ని తేజస్విని మూత బిగించి, సంచిలో వేసి తీసుకెళ్ళింది. అత్తమ్మ చేతులు సబ్బుతో నేనే రుద్ది రుద్ది కడిగాను, చర్మం ఊడదీస్తవా ఏందే అని తిట్టింది. దవాఖానకు తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తే భయం లేదన్నారు. గోడ మూల పై మట్టి గీకి తీశారు, కొత్తది పోశారు, సీసాల్లో నింపి ల్యాబుకు పంపారు. సాంబమూర్తి సార్ స్వయంగా వచ్చాడు. నెరిసిన మీసాలు, నవ్వని మొహం. కారణం ఏమని రాయాలో తెలియక మా వరండాలో చాలాసేపు కూర్చుని, నాతో రెండు టీలు పెట్టించుకుని, చివరికి పూజాద్రవ్యం అని రాశాడు. తేజస్వినితో మాత్రం, “నీ సామాను శుభ్రంగానే ఉందమ్మా,” అన్నాడు. ఆ పిల్లకు అదే పట్టాభిషేకం.

బట్టలుతికే బండ దగ్గర నేను కాపలా కూర్చున్నాను. అత్తమ్మ అటు నడిస్తే చాలు, చేతులు చూపించమనేదాన్ని. “ఖాళీగున్నయి సూడు, పోలీసుదానా,” అని రెండు అరచేతులూ నా మొహం ముందు ఆడించేది.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ వచ్చింది. గల్లీ ఆడవాళ్ళు హాలుకెళ్ళి డీజే మోతలో ఆడి, చెవులు దిబ్బళ్ళు వేసి తిరిగొచ్చారు. మేము వెళ్ళలేదు. అలిగిన బతుకమ్మ రోజు కూడా గడిచింది. ల్యాబు కాగితం రాలేదు. అత్తమ్మ ఏమీ అడగలేదు గానీ, గుమ్మం దగ్గర గునుగు పూల కట్ట కనబడింది. ఎవరు తెప్పించారని అడిగితే, “మేకలకు,” అంది. మాకు మేకలు లేవు.

ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ, దానికి ముందు రోజు మధ్యాహ్నం తేజస్విని గేటు కూడా వేయకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఫోను. మెడలోంచి ఆకుపచ్చ రిబ్బను తీసి అత్తమ్మ చేతిలో పెట్టింది.

“మీరే కట్టండి అమ్మమ్మగారూ.”

రేకులు విప్పేటప్పుడు నరేష్‌కుమారే ముందర నిలబడి బోల్టులు తీయించాడు. అత్తమ్మ దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, “పెద్దమ్మా, గప్పుడు మీటింగుల తప్పు మాట్లాడిన,” అన్నాడు. అత్తమ్మ అతని భుజం తట్టింది. “గంత గొంతున్నోనివి, రేపు చెరువు కాడ పోరలను అదుపుల పెట్టు. అది చాలు,” అంది. జెండా కర్రకు రిబ్బను ముడివేసింది. ముడి బిగించాక మట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లాగే ఉంచింది.

సద్దుల రోజు మా ఇల్లు మా ఇల్లులా లేదు. తంగేడు, బంతి, సీతజడ, గుమ్మడి పూలు వరండా నిండా. గునుగు పూలకు రంగులు అద్దే పని అత్తమ్మది, ఆ పనిలో ఎవరినీ వేలు పెట్టనివ్వదు. ఒక్కో గిన్నెలో రంగు కలపగానే, “పెట్టు నీ తుపాకి,” అనేది. తేజస్విని పెట్టేది. మంచిదని తేలాకే పూలు ముంచేది. నైవేద్యానికి చేసిన సత్తుపిండి మీద కూడా పెట్టమంటే, ఆ పిల్ల దండం పెట్టి వద్దంది. బతుకమ్మ నా నడుము దాకా లేచింది. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పైన నిలబెట్టింది. బొట్టు పెట్టబోతే ఇంట్లో కుంకుమ లేదు.

“అంగడికి ఉర్కనా?” అన్నాడు మా ఆయన.

“నువ్ ఉర్కకు,” అన్నాం నేనూ అత్తమ్మా ఒకేసారి.

అత్తమ్మ కొమ్ములు దంచిన పసుపు చేతిలోకి తీసుకుంది. తమలపాకుల డబ్బాలోంచి సున్నం గోటితో తీసి, అరచేతిలో నాలుగు చుక్కల నీళ్ళతో కలిపి రుద్దింది. పసుపు చూస్తుండగానే ఎర్రబడింది. తేజస్విని వంగి చూసి, “మా ఇంటర్ ల్యాబులో ఇదే మొదటి ప్రయోగం,” అంది సంబరంగా. “మాకు అత్తగారింట్ల ఇదే మొదటి పని,” అంది అత్తమ్మ. ఆ ఎరుపును గిన్నెలోకి తీసి తేజస్విని ముందు పెట్టింది. తేజస్విని మీట నొక్కి, తెర తిప్పి అందరికీ చూపించింది. సీసం దగ్గర ఏమీ లేదు.

ఆ మాట గల్లీలో ఎట్లా పాకిందో గానీ, మేము బతుకమ్మ ఎత్తుకుని జాగా దగ్గరికి వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా పట్టుచీరలతో, చేతుల్లో కుంకుమ భరిణెలతో వరుస కట్టి ఉన్నారు. తేజస్విని నా చీర కట్టుకుంది, కుచ్చిళ్ళు జారుతున్నాయి. ఆ చీరతోనే అక్కడి మెట్టు మీద కూర్చుని ఒక్కో భరిణెకు తుపాకీ పెట్టింది. బాగాలేనివి పక్కకు తీసి, అత్తమ్మ గిన్నెలోంచి తలా కాస్త ఎరుపు పంచాం. వరుస చివర లచ్చమ్మ. ఆమె చేతిలో భరిణె లేదు, విప్పిన గొలుసు ఉంది.

“ఇయ్యాల నీకు డ్యూటీ లేదు గదా బిడ్డా.”

తేజస్విని గొలుసు మెట్టు మీద పెట్టి మీట నొక్కింది. మేమంతా మూగాం. రోడ్డవతల బక్కయ్య నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

“బంగారమేనండి. మంచి బంగారం.”

లచ్చమ్మ గొలుసు మెడలో వేసుకుంది. భర్త వైపు తిరిగి, “గీ మాట ముందే చెప్పొద్దా,” అంది. పెళ్ళిరోజు నుంచీ చెబుతూనే ఉన్నానని ఆయన గొణుక్కున్నాడు. ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి ఆడింది లచ్చమ్మే.

మొదటి బతుకమ్మను అత్తమ్మ గోడ మూలన దించింది. తొట్టి ఉన్న చోటు ఎవరూ చూపించనక్కర లేదు ఆమెకు. దించి, నడుము నిటారు చేసుకుని, చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. పాట ఆమే ఎత్తుకుంది. గొంతు మొదట్లో జీరబోయింది, రెండో చరణానికి తెరుచుకుంది. చప్పట్ల వరుస తెలియక తేజస్విని ఒకటికి రెండుసార్లు నన్ను ఢీకొట్టింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, అంతకు ముందు ఎప్పుడు అంత సంతోషపడ్డానో గుర్తురాలేదు.

మర్నాడు తెల్లవారి లేచి, పెరట్లోకి వెళ్ళాను. రాత్రి వాన పడినట్టుంది, బండ తడిగా ఉంది. దాని మీద అత్తమ్మ నిలబడి ఉంది, గోడ మీద రెండు చేతులూ ఆనించి.

“అత్తమ్మా, దిగు. చేతులల్ల ఏముంది? ఏం సల్లుతున్నవ్?”

ఆమె వెనక్కి తిరగలేదు. ఖాళీ అరచేతులు రెండూ పైకెత్తి నాకు చూపించి, మళ్ళీ గోడ మీద పెట్టుకుంది.

“ఏం సల్లుతలేనే. ఊకెనే సూస్తున్న.”